తవుడుకి కొన్న పిల్ల

బహ్రెయిన్ రాజధాని మనామాలో తెలుగువాళ్ల ఇళ్లలో పెళ్లిమాట వస్తే మొదటి ఫోను ముహూర్తాలు పెట్టే శాస్త్రిగారికి, రెండోది జయశ్రీకి. వరుస కలుస్తుందో లేదో తేల్చడం ఆవిడ పని. ఎవరూ అప్పజెప్పలేదు, ఆవిడే నెత్తినెత్తుకుంది. ఉద్యోగం మన పిల్లల బడిలో లైబ్రరీ చూసుకోవడం. కాపురం నయీమ్‌లో, కోల్డ్ స్టోర్ అని పిలిచే కిరాణా కొట్టు పైన మూడో అంతస్తులో. ఆ ఇంటి బీరువాలో చీరల కంటే పాత పేపర్ల జిరాక్సులే ఎక్కువని మొగుడు కృష్ణప్రసాద్ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

ఆవిడ ముందు ఇంటిపేరూ గోత్రమూ అడుగుతుంది, అడిగి వాటిని నమ్మదు. దత్తత వెళ్లినవాడికి ఆ రెండూ మారిపోతాయి కదా అంటుంది. తర్వాత ఊరు అడుగుతుంది. ఆ ఊరి పాత జనాభా లెక్కల పుస్తకం ఇండియాలో ఎవరిచేతైనా వెతికించి, అప్పట్లో అక్కడ ఎన్ని గడపలుండేవో చూస్తుంది. చిన్న ఊరైతే ఒకే ఇంటిపేరువాళ్లు ఒకరికొకరు ఏమీ కాకుండా పోరని ఆవిడ లెక్క. ఆపైన పాత పేపర్లలో చావు కబుర్లు, వేలం ప్రకటనలు, పరీక్షా ఫలితాలు చూస్తుంది. జుఫైర్‌లో హోటలు ఉద్యోగం చేసుకునే మణికుమార్‌కి వాళ్ల తాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లాడన్న కబురు నిజమేనని పాత పేపరు ముక్కతో సహా చూపించింది. మణికుమార్ ఆ ముక్కకి ఫ్రేము కట్టించుకున్నాడు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు, ఇంతమంది తాతల్ని తవ్వితీసిన మనిషికి కన్నతల్లి పుట్టుక మాత్రం అంతుపట్టలేదు.

జయశ్రీ తల్లి సత్యదుర్గ ఖరగ్‌పూర్ స్టేషన్‌లో దొరికిన పిల్ల. నలభై రెండులో జపానువాళ్లు బర్మా మీద పడితే, రంగం వెళ్లి బతుకుతున్న మనవాళ్లంతా కాలినడకనా ఓడల మీదా పారిపోయి వచ్చారు. రంగూన్‌నే కాదు, బర్మా మొత్తాన్నీ మనవాళ్లు రంగమనే అనేవారు. ఆ వచ్చినవాళ్లని మోసుకుపోయే రైళ్లు ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లేవి. ఆ రద్దీలో ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో ఆరేళ్ల పిల్ల ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయింది. అక్కడ గార్డుగా పనిచేసే సోమరాజు, బందరు ప్రాంతం మనిషి, పిల్లల్లేనివాడు, ఇంటికి తీసుకెళ్లాడు. సత్యదుర్గ అని పేరు పెట్టుకుని పెంచి, బెజవాడ సంబంధం చేశాడు. జ్వరంలో ఆ పిల్ల ఒకటే మాట కలవరించేదట: "నన్ను తవుడుకి కొన్నారు." పేరేమిటే అంటే అదే, అమ్మేదే అంటే అదే. కరువూ యుద్ధమూ కలిసొచ్చిన రోజులు. కన్నవాళ్లే ఇంత తవుడు కోసం పిల్లని అమ్ముకుని ఉంటారని సోమరాజు దంపతులు అనుకున్నారు. జ్వరం తగ్గి, వయసొచ్చాక సత్యదుర్గా అదే అనుకుంది.

ఆ మాట ఆవిడలో ముల్లులా ఉండిపోయింది. అరవై ఏళ్లొచ్చినా కూరల బేరం దగ్గర ఎవరైనా "ఇంతకిస్తారా" అంటే ముఖం చిన్నబోయేది. తల్లి కోసం జయశ్రీ ఇరవై ఏళ్లుగా వెతుకుతోంది. జనాభా లెక్కల కాగితాల కోసం ఢిల్లీ రాస్తే మనుషుల పేర్లు దాచం, లెక్కలే దాస్తామని జవాబొచ్చింది. ముప్పై ఒకటి నాటి బర్మా పట్టికలు సంపాదిస్తే అందులో తెలుగు మాట్లాడేవాళ్లు ఫలానా చోట ఇంతమంది అని ఉంది, అప్పటికి అమ్మ పుట్టనేలేదు. నలభై ఒకటిలో తీసిన లెక్కలు చాలామటుకు యుద్ధంలో పోయాయన్నారు. కలకత్తా అనాథాశ్రమాలకి రాసింది, మిషనరీలకి రాసింది. పిల్లల్ని అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ పోలీసులకి చిక్కిన వార్తల కోసం పేపర్లు తిరగేయించింది. తప్పిపోయిన పిల్లల ప్రకటనలు మాత్రం ఒక్కనాడూ చూడలేదు. అమ్ముకున్నవాళ్లు పేపర్లో ప్రకటన వేస్తారా? ఆవిడ తర్కం ఆవిడది.

తొంభై ఆరు మొదట్లో కూతురు ఉజ్వలకి పెళ్లి కుదిరింది. పిల్లాడు జస్వంత్, కంప్యూటర్ల కంపెనీలో ఇంజనీరు. తల్లి పద్మజ సల్మానియా ఆసుపత్రిలో నర్సు, వాళ్లది విజయనగరం వైపు. కిందటేడు ఉగాది ఫంక్షన్‌లో నాటకం వేస్తూ పిల్లలిద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. కులాలు వేరు. కృష్ణప్రసాద్ వారం ముఖం మాడ్చుకుని, చివరికి కూతురి ముఖం చూసి సర్దుకున్నాడు. మాటలకి వెళ్లిన రోజు పద్మజ తల్లి పైడమ్మ హాల్లో కింద చాప మీద కూర్చుని ఒకే మాట అంది.

"కులవేటో నాకు నేదమ్మా, గుంటలిద్దరూ బాగుంటే సాలు. వొరస మాత్రం తప్పకూడదు. వొరస తప్పితే నాను గడప తొక్కను."

ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. పెద్ద మనవరాలికి బంగారంలాంటి సంబంధం వస్తే, ఎక్కడో మూడు తరాల కిందట అన్నాచెల్లెళ్ల వరుస అవుతుందని తిప్పికొట్టించింది. కాఫీ తాగుతూ ఆవిడే తన సంగతులూ చెప్పింది. రంగంలో పుట్టానంది. పన్నెండేళ్లప్పుడు నడిచొచ్చానంది. దారిలో చెల్లి తప్పిపోయిందంది.

జయశ్రీ కాఫీ కప్పు కింద పెట్టేసింది. రంగం నుంచి వచ్చినవాళ్లు లక్షలమంది, తప్పిపోయిన పిల్లలు వేలమంది, ఊరుకోవే అని తనకి తనే చెప్పుకుంది. మనసు ఊరుకుంటేగా. ఆ చెల్లే గనక అమ్మ అయితే పద్మజా తనూ అక్కచెల్లెళ్ల పిల్లలు. జస్వంత్ తనకి కొడుకు వరుస. ఉజ్వలకి అన్న. కులం దగ్గర సర్దుకునేవాళ్లు ఉంటారు గానీ అన్నాచెల్లెళ్లకి తాంబూలాలు ఎవరు పుచ్చుకుంటారు?

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. కృష్ణప్రసాద్ షూ లేసులు విప్పుతూ ఆగిపోయాడు.

"ఎవరికైనా అన్నావా?"

"లేదు."

"అయితే అనకు. ఇరవై ఏళ్లు తవ్వావు, ఇప్పుడు ఆపు. దొరక్కపోతే నీకు ఏడుపు, దొరికితే పిల్లకి ఏడుపు."

ఆ మాట నిజమని ఆవిడకీ తెలుసు. తెలిసీ ఆపలేకపోయింది. ఊళ్లో అందరి వరుసలూ తేల్చి, సొంత కూతురి దగ్గరకొచ్చేసరికి కళ్లు మూసుకుంటే ఇన్నాళ్లూ చేసిందంతా వేషమే కదా అనిపించింది. విశాఖపట్నంలో లైబ్రరీ ఉద్యోగం చేసే చిన్ననాటి స్నేహితురాలికి మొగుడి ఆఫీసు నుంచే, మొగుడికి తెలియకుండా, ఫ్యాక్స్ పంపింది. నలభై రెండు వేసవిలో వచ్చిన తెలుగు పేపర్లలో తప్పిపోయినవాళ్ల ప్రకటనలు చూడమని, ఖరగ్‌పూర్ అనే మాట కనిపిస్తే జిరాక్సు తీసి ఎవరైనా బహ్రెయిన్ వచ్చేవాళ్ల చేతికివ్వమని రాసింది.

ఈలోగా తాంబూలాలకి శుక్రవారం ఖాయమైంది. మనవరాలి ముచ్చట చూడ్డానికి సత్యదుర్గ విజిట్ వీసా మీద వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి జయశ్రీకి తల్లి ముఖం చూడాలంటే భయం పట్టుకుంది. గడ్డం పైడమ్మదిలా ఉందా, చెవులు అలాగే ఉన్నాయా అని దొంగచూపులు చూసేది. సాయంత్రాలు అమ్మమ్మని పద్మజగారింటికి తీసుకెళ్దామని ఉజ్వల అంటే అమ్మమ్మకి కాళ్లనొప్పులని అబద్ధమాడేది. అన్నం సహించేది కాదు. బడిలో పిల్లలకి ఒకరి పుస్తకం ఇంకొకరి పేరున రాసిచ్చేది.

బుధవారం పొద్దున పద్మజ ఫోను చేసింది.

"వదినగారూ, మీకేదో పార్సిలొచ్చిందండి. మా వార్డు అమ్మాయి సెలవు నుంచి వస్తూ వైజాగ్‌లో ఎవరో ఇస్తే తెచ్చిందట. మీ ఇల్లు తెలీక నాకిచ్చేసింది. కారప్పొడి కారుతుంటే విప్పి వేరే కవర్లో పెడదామనుకుంటున్నా."

"విప్పొద్దు పద్మజగారూ, నేనే వస్తున్నా," అంది జయశ్రీ. ఆ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

బడికి సెలవు చెప్పి టాక్సీ ఎక్కింది. సల్మానియా ఎంతో దూరం కాదు, అయినా ప్రతి సిగ్నలూ ఆవిడ కోసమే ఎర్రబడినట్టు ఉంది. విప్పేసి ఉంటుందా? విప్పితే చదివి ఉంటుందా? పార్సిలు పంపేటప్పుడు ఎవరి చేతికి, ఎక్కడ చేరాలి అన్న చిరునామా స్పష్టంగా రాయించుకోవాలని పదిమందికి బుద్ధులు చెప్పే తను, ఫ్యాక్స్‌లో తన చిరునామా రాయడం ఎలా మరిచిపోయిందో ఆవిడకి అర్థం కాలేదు.

పద్మజ డ్యూటీకి బయల్దేరుతూ ఎదురొచ్చింది. పార్సిలు బల్ల మీద అలాగే ఉంది. "మా అమ్మతో మాట్లాడుతూ ఉండండి, టీ పెడుతుంది," అని వెళ్లిపోయింది. జయశ్రీ పార్సిలు పట్టుకుని, చేతులు కడుక్కుంటానని బాత్‌రూంలోకి దూరి గడియ పెట్టింది. కారప్పొడి, కందిపొడి, వాటి కింద పాలిథిన్ కవర్లో ఒక్క కాగితం. కారం ఘాటుకి తుమ్ములొస్తుంటే ముక్కు నొక్కుకుని చదివింది.

తప్పిపోయిన బాలిక. పేరు తవిటమ్మ, వయసు ఆరేళ్లు, చామనచాయ. రంగం నుండి వచ్చుచు ఖరగ్‌పూరు స్టేషనులో మంచినీళ్ల కొరకు దిగి తప్పిపోయినది, జ్వరముతో నున్నది. ఆచూకీ తెలిపినవారికి ఆజన్మాంతము రుణపడి యుందును. కింద రైసుమిల్లు మేస్త్రీ ఒకతని పేరు, విజయనగరం చిరునామా.

స్టేషను కలిసింది, వయసు కలిసింది, జ్వరమూ కలిసింది. కలవనిది ఒక్కటే. తవుడుకి అమ్ముకున్న తండ్రి ఇలాంటి ప్రకటన ఎందుకు వేస్తాడు? ఆ ఒక్క కలవని ముక్కని పట్టుకుని వేలాడింది జయశ్రీ. ఇది ఇంకెవరో పిల్ల అయి ఉండాలి, భగవంతుడా, ఇంకెవరో అయి ఉండాలి అనుకుంటూ బయటికొచ్చింది. కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి. తవిటమ్మ అనే పేరు ఎవరికైనా ఉంటుందని ఆవిడెప్పుడూ వినలేదు.

పైడమ్మ టీ గ్లాసులు పట్టుకొచ్చింది. జయశ్రీ కళ్లు చూసి, "కారం పడ్డాదేటమ్మా, నీల్లు కొట్టుకో," అంది.

"కొట్టుకున్నానండీ. అత్తయ్యగారూ, మీ చెల్లెలు తప్పిపోయిందన్నారు కదా. ఆ పిల్ల పేరేంటండీ?"

"తవిటమ్మ."

"ఆ పేరేంటండీ, ఎక్కడా వినలేదు?"

పైడమ్మ నవ్వింది. "మా పక్క ఈదికొకత్తి ఉంటాదమ్మా. నా ఎనకాల ముగ్గురు గుంటలు పుట్టి పుట్టి సచ్చిపోనారు. నాలుగోది పుట్టేసరికి మాయమ్మ బయపడిపోయి, పక్కింటి ముసిల్దానికి సేటడు తవుడికి అమ్మేసినట్టు అమ్మి, మల్లీ ఆ తవుడే ఇచ్చి కొనుక్కుంది. అలా సేస్తే ఆ గుంట మనది కాదనుకుని సావు దాని జోలికి రాదంట. అందుకే తవిటమ్మ. దానికెంత గీరో. 'నన్ను తవుడుకి కొన్నారు, మీకెవులికీ అంత కరీదు నేదు' అని ఈదంతా సెప్పుకుని తిరిగీది. నా సంక దిగీది కాదు. ఆ స్టేసన్లో నీల్లకి దింపింది నానే. సెయ్యి ఒదిలేసింది నానే." అక్కడితో ఆపి, టీ చల్లారిపోతోంది తాగమంది.

జయశ్రీ తాగింది. ఆ టీ ఎలా ఉందో ఆవిడకి ఈనాటికీ తెలియదు. లేచి ఆ ముసలావిడ మెడ కౌగిలించుకుని, నీ చెల్లి నయీమ్‌లో ఉంది, టాక్సీ ఎక్కితే ఇప్పుడే చూస్తావు అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. గొంతు దాకా వచ్చిన మాటని మింగి, వస్తానండీ అని లేచింది. మింగినందుకు తనని తను అసహ్యించుకుంటూనే మెట్లు దిగింది.

ఇంట్లో ఉజ్వల గాజులు సరిచూసుకుంటోంది. ఏ చీరకి ఏవి నప్పుతాయో చెప్పమంది. జయశ్రీ ఏవో చూపించింది. కూతురి నవ్వు చూస్తే కాగితం చింపేయాలనిపించింది. గదిలో మంచం మీద కూర్చుని పూలు కడుతున్న తల్లిని చూస్తే, కన్నవాళ్లకి తనొక తవుడు బస్తా అనుకుంటూనే ఈ మనిషి చచ్చిపోతుందా అనిపించింది. దాచినా ద్రోహమే, చెప్పినా ద్రోహమే. కృష్ణప్రసాద్‌ని అడిగితే దాచమంటాడు. అందుకని అడగలేదు. ఉజ్వల బజారుకెళ్లేదాకా ఆగి, తలుపు వేసి తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, నిన్నెవరూ అమ్మలేదే."

కాగితం చదివి వినిపించింది. తవుడు సంగతి, ముగ్గురు పిల్లలు పోయిన సంగతి, బతకాలని చేసిన మొక్కు సంగతి చెప్పింది. సత్యదుర్గ చేతిలో దారం పక్కన పెట్టింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. యాభై ఏళ్లు లోపల పెట్టుకున్నదంతా ఏడ్చింది. "మా నాన్న నాకోసం పేపర్లో వేయించాడా," అని మళ్లీ మళ్లీ అడిగింది. వేయించాడమ్మా, వేయించాడు అని జయశ్రీ ప్రతిసారీ చెప్పింది.

"ఇవన్నీ ఎవరు చెప్పారే నీకు?"

జయశ్రీ తల వంచుకుంది. "మీ అక్క. బతికే ఉంది. పద్మజ వాళ్లమ్మ."

సత్యదుర్గ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. లేవబోయింది. చెప్పులు ఎక్కడున్నాయంది. సగం లేచిన మనిషి అలాగే ఆగి, వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. వరుసలు తేల్చే విద్య జయశ్రీకి ఎవరి నుంచి వచ్చిందనుకున్నారు?

"అయితే పద్మజ నాకు కూతురు," అంది నెమ్మదిగా. "ఆ అబ్బాయి మన ఉజ్వలకి..." మిగతాది అనలేదు.

"నువ్వు ఎలా అంటే అలాగే అమ్మా. పెళ్లి ఆపేద్దామంటే నేనే ఆపుతాను. దానికి నేను చెప్పుకుంటాను."

సత్యదుర్గ బాత్‌రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. బొట్టు పెట్టుకుంది. మళ్లీ మంచం మీద కూర్చుని పూలమాల ఒళ్లోకి తీసుకుంది.

"ఆవిడకి తెలిస్తే గడప తొక్కనందా?"

"అంది."

"తొక్కదు. నేనైనా తొక్కను. అందుకని ఆవిడకి తెలియకూడదు. నాకు అక్క లేదు జయా. స్టేషన్‌లో దొరికాను, అంతే. నన్ను అమ్మలేదని తెలిసింది, నాకది చాలు. ఆ పిల్లలకి తెలియని పాపం పిల్లలకి అంటదు. అంటితే నాకు అంటుతుంది."

"ఎలా ఉంటావే ఆవిడ ఎదురుగా?"

"ఇన్నేళ్లు లేకుండా ఉన్నాను కదా," అంది సత్యదుర్గ, పూలు కడుతూ.

శుక్రవారం హాలునిండా జనం. కార్పెట్ మీద పళ్లేలు, పళ్లు, చీరలు. జయశ్రీ నవ్వుతూ అందరినీ పలకరిస్తోంది గానీ కళ్లు రెండూ ఒక మూలనే ఉన్నాయి. ఆ మూల రెండు కుర్చీల్లో ఇద్దరు ముసలమ్మలు పక్కపక్కన కూర్చున్నారు. ఒకే గడ్డం, ఒకే చెవులు. ఎవరైనా చూస్తారేమో, ఎవరైనా అంటారేమో అని ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగింది. ఎవరూ అనలేదు. పెళ్లివారింట్లో ముసలమ్మల ముఖాలు ఎవరు చూస్తారు?

"మీదే ఊరమ్మా?" అంది పైడమ్మ.

"బెజవాడండీ."

"రంగమేమైనా ఎల్లినారేటి మీవోళ్లు?"

"లేదు వదినగారూ. మావాళ్లెవరూ వెళ్లలేదు."

పైడమ్మ తలాడించింది. ఆవిడ చూపు మాత్రం సత్యదుర్గ మీద నుంచి కదల్లేదు. శాస్త్రిగారు లగ్నపత్రిక చదువుతుంటే ఎవరో కుర్చీలు దగ్గరికి జరపమన్నారు. జరిగిన కుర్చీలో సత్యదుర్గ చెయ్యి పైడమ్మ చేతికి తగిలింది. పైడమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

"వదినా గిదినా ఎందుకమ్మా, ఒయిసులో నీకంటే పెద్దదాన్ని. మా పక్క అక్కని అప్ప అంటారు. నన్నలా పిలిసీవోళ్లు నేక శానా ఏళ్లయిపోనాది. నువ్వు పిలువు, ఇంటాను."

జయశ్రీ చేతిలో కుంకంభరిణె ఉంది. అది కింద పడకుండా రెండు చేతులతో పట్టుకుంది. తల్లి పెదవులు విడివడడం చూసింది. పిలిచేస్తుందనుకుంది. పిలవాలని కోరుకుంది కూడా, కూతురి పెళ్లి ఏమైపోయినా సరే అని ఆ ఒక్క క్షణం నిజంగా కోరుకుంది.

"వరుస తప్పుతుందండీ," అంది సత్యదుర్గ.

తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, పళ్లెంలోంచి తమలపాకులూ వక్కలూ తీసి పైడమ్మ చేతిలో పెట్టింది.

"తాంబూలం తీసుకోండి వదినగారూ."